బిళ్ళగన్నేరు ఆకు నుంచి క్యాన్సర్ మందు: దిగుబడి ఎంత, స్వచ్ఛత ఎంత?

మన ఊళ్ళలో ఇళ్ళ ముందు, గుళ్ళ దగ్గర ఏడాది పొడుగునా పూసే బిళ్ళగన్నేరును తెలియనివారు ఉండరు. అమెరికా నర్సరీలలో వేసవిలో 'వింకా' పేరుతో అమ్మేది కూడా ఇదే. పుట్టిల్లు మడగాస్కర్. దీని నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయని మనలో చాలామంది వినే ఉంటారు. ఆకులో ఆ మందు ఎంత ఉంటుంది, దాన్ని బయటికి తీయడం ఎందుకంత కష్టం అన్న సంగతులు ఇక్కడ వివరిస్తాను.

జమైకాలో ఈ ఆకు కషాయాన్ని షుగర్ వ్యాధికి తాగేవారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్ ఆ ఆకుల సారాన్ని ఎలుకలపై పరీక్షించారు. షుగర్ తగ్గలేదు కానీ రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఆ జాడ పట్టుకుని ఆయన, చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వోబోడా బృందం విడిగా ఇదే మొక్కపై పనిచేసి విన్‌క్రిస్టిన్‌ను వెలికితీసింది. 1963లో దానికి ఎఫ్.డి.ఎ. అనుమతి వచ్చింది.

ఇక లెక్కలు. ఈ మొక్కలో నూటికి పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. 1 గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు, 1 గ్రాము విన్‌క్రిస్టిన్‌కు సుమారు 2,000 కిలోలు కావాలని పరిశోధకులు చెబుతారు. విన్‌క్రిస్టిన్ ఒక డోసు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటదు. ఆ లెక్కన ఒక్క ఇంజెక్షన్‌కు 4 కిలోల ఎండుటాకు!

పద్ధతి సూత్రం మాత్రం ఇంటర్ కెమిస్ట్రీయే. ఆల్కలాయిడ్లు క్షార గుణం కలవి. పలుచని ఆమ్లంతో కలిస్తే లవణాలై నీటిలో కరుగుతాయి. మైనం, పత్రహరితం చాలావరకు వెనుకే ఉండిపోతాయి. తర్వాత ఆ నీటిలో అమ్మోనియా కలిపితే ఆల్కలాయిడ్లు మళ్ళీ క్షార రూపానికి వచ్చి ద్రావణిలోకి చేరతాయి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు నీరు, ద్రావణి విడిపోకుండా మజ్జిగ చిలికినట్టు నురగ కట్టి కూర్చుంటాయి. వేడి ఎక్కువైనా, వెలుతురు తగిలినా సరుకు పాడవుతుంది. ఒక్కో మెట్టులో 90 శాతం నిలబెట్టుకున్నా అయిదు మెట్లు దాటేసరికి చేతిలో మిగిలేది 59 శాతమే.

అసలు చిక్కు క్రోమటోగ్రఫీలో ఉంది. గొట్టంలోంచి ఒక్కో ఆల్కలాయిడ్ ఒక్కో సమయానికి దిగుతుంది. పక్కపక్కనే దిగేవి అంచుల దగ్గర కలిసిపోతాయి. మధ్య భాగం మాత్రమే పట్టుకుంటే స్వచ్ఛత బాగుంటుంది, దిగుబడి పోతుంది. అంచులు కూడా కలుపుకుంటే దిగుబడి పెరుగుతుంది, స్వచ్ఛత పోతుంది. అంచు భాగాలను మళ్ళీ గొట్టంలోకి పంపవచ్చు. అయితే దానికీ ద్రావణి ఖర్చు, సమయం, మరికొంత నష్టం తప్పవు. ఎక్కడ కోయాలన్నదే ఈ పనిలో అసలు నిర్ణయమని నా అభిప్రాయం.

ఇక్కడ స్వచ్ఛత పట్టింపు ఎందుకంటే, ఈ రెండు మందుల అణువుల మధ్య తేడా చాలా చిన్నది. ఒకదానిలో మిథైల్ ఉన్నచోట రెండోదానిలో ఫార్మైల్ ఉంటుంది. శరీరంలో మాత్రం దారులు వేరు. విన్‌బ్లాస్టిన్ ముఖ్యంగా ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, విన్‌క్రిస్టిన్ నరాలను. డోసులూ వేరు. లుకేమియా ఉన్న పిల్లవాడికి మిల్లీగ్రాముల్లో కొలిచి ఇచ్చే మందులో పక్క ఆల్కలాయిడ్ ఎంత ఉందో తెలియకపోతే డాక్టరు వేసిన లెక్కకు అర్థం లేదు.

అందుకే సరుకు కొనేవారు 'మొత్తం ఆల్కలాయిడ్లు ఇంత శాతం' అన్న మాటతో తృప్తిపడకూడదు. డ్రాగెన్‌డార్ఫ్ పరీక్షలో నారింజ రంగు వచ్చిందంటే ఆల్కలాయిడ్ ఉందనే, ఏది ఉందో అది చెప్పదు. హెచ్.పి.ఎల్.సి. కాగితం మీద కనిపించే 99 శాతం కూడా గీతల వైశాల్యం లెక్క. పట్టి ఉన్న తేమ, ద్రావణి అందులో కనిపించవు. ప్రామాణిక నమూనాతో పోల్చి తూకం లెక్కన ఎంత అని అడగాలి.

షుగర్‌కు పొద్దున్నే నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమలమని ఇండియా నుంచి ఫోనులో సలహా ఇచ్చే బంధువులు మనందరికీ ఉన్నారు. కొలత లేని ఆ నూరు ఆల్కలాయిడ్ల మిశ్రమాన్ని నేనైతే ఎవరికీ చెప్పను. పెద్దవాళ్ళకు నచ్చజెప్పడం వేరే విద్య అనుకోండి.

దిగుబడి సమస్యకు తయారీదారులు వెదికిన దారి తెలివైనది. విన్‌బ్లాస్టిన్ అణువు విండోలిన్, కాథరాంథిన్ అనే రెండు ముక్కల కలయిక. ఆకులో ఈ ముక్కలు చాలా ఎక్కువగా దొరుకుతాయి. 1970లలో ఫ్రాన్స్‌లో పియేర్ పోతియే బృందం వీటిని ప్రయోగశాలలో జతచేసే మార్గం చూపింది. వినోరెల్బిన్ అనే మందు కూడా ఆ దారిలోనే వచ్చింది. విన్‌బ్లాస్టిన్‌ను ఆక్సీకరించి విన్‌క్రిస్టిన్‌గా మార్చవచ్చు. 2022లో ఈస్ట్ కణాలలో ఆ రెండు ముక్కలనూ తయారుచేసి, తర్వాత రసాయనికంగా కలిపి విన్‌బ్లాస్టిన్ సాధించినట్టు 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ ప్రయోగంలో ఒక్కో ముక్క దిగుబడి లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు.