కరివేపాకు కుండీలో పురుగు కనిపించిందా? చంపకండి.. వారాల్లో సీతాకోకచిలుక అవుతుంది!

అబిడ్స్, నాంపల్లి అపార్ట్‌మెంట్లలో బాల్కనీ కుండీల్లోనే కరివేపాకు, నిమ్మ పెంచేవాళ్లు చాలామంది. ఆ లేత ఆకుల మీద పిట్ట రెట్టలాంటి మచ్చ కనిపిస్తే ఒక్కసారి ఆగి చూడండి. మెల్లగా కదులుతోందా? అయితే అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల కావచ్చు. హైదరాబాద్‌లో మామూలుగా కనిపించే రకమే ఇది.

ఈ కుండీలే ఎందుకు?

ఆడ సీతాకోకచిలుక ముందుకాళ్లతో ఆకు రుచి చూసి మరీ గుడ్డు పెడుతుంది. దీని పిల్లలు కరివేపాకు, నిమ్మ, మారేడు లాంటి ఒకే కుటుంబం చెట్ల ఆకులే తింటాయి. పక్కనున్న తులసి జోలికి పోవు.

3-4 రోజుల్లో గుడ్డు పగిలి పురుగు బయటికొస్తుంది. తినడం, పెరగడం, కుబుసం విడవడం.. ఇదే దాని పని. రెట్టలాంటి రూపం పిట్టల నుంచి కాపాడుతుంది. చివరి దశలో ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి కొమ్ముల్లాంటి అవయవం బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. భయపడక్కర్లేదు, కుట్టదు.

ప్యూపా లోపల ఏం జరుగుతుంది?

ఒంట్లో జువెనైల్ హార్మోన్ తగ్గగానే పురుగు తిండి మానేస్తుంది. పట్టులాంటి దారంతో కొమ్మకు నడుం కట్టుకుని ప్యూపాగా మారుతుంది. లోపల పాత కండరాలు చాలావరకు కరిగిపోతాయి. పురుగు దశలోనే దాగి ఉన్న కణాల గుంపుల నుంచి రెక్కలు, కాళ్లు, కళ్లు తయారవుతాయి. దీన్నే రూపవిక్రియ అంటారు.

మరి అంతా కరిగి ద్రవమైపోతుందా? లేదు. శ్వాసనాళాలు, నాడీవ్యవస్థలో కొంత భాగం మిగులుతాయి. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ పరిశోధకులు మాత్‌లపై ప్రయోగం చేశారు. పురుగులకు ఒక వాసన చూపిస్తూ స్వల్ప షాక్ ఇచ్చారు. వాటిలో చాలా వరకు రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా జరిగాయి. అంటే, ఒళ్లు మారినా జ్ఞాపకం మిగిలింది!

సాయం చేస్తే చేటే

సుమారు వారం, పది రోజులకు ప్యూపా చీలుతుంది. నలిగిన రెక్కలతో సీతాకోకచిలుక బయటికొచ్చి, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల్లోకి పంపి వాటిని విప్పుకుంటుంది. కష్టపడుతోందని ప్యూపాను చేత్తో చీల్చితే రెక్కలు పాడై ఎగరలేకపోవచ్చు.

మీరేం చేయాలి?

పురుగుమందు కొట్టొద్దు. ఆ ఆకు మీ తాలింపులోకే వస్తుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును ఆకుతో సహా తీసి పెద్ద కరివేపాకు చెట్టు మీద పెట్టండి. ఆకులు పోయిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. నలిపేసిన పురుగుకు మాత్రం రెక్కలు రావు.