విశాఖపట్నంలో భోగి మంటలు

భోగి మంటలు సంక్రాంతి పండుగ మొదటి రోజైన భోగి నాడు తెల్లవారుజామున వీధి కూడళ్ళలో సామూహికంగా వేసే మంటలు. ధనుర్మాసపు చివరి రోజైన భోగి సాధారణంగా జనవరి 13 లేదా 14వ తేదీన వస్తుంది.

ఆచారం

పండుగకు ముందే పిల్లలు, యువకులు ఎండుకొమ్మలు, దుంగలు, తాటాకులు సేకరించి కూడలిలో పేరుస్తారు. ఆవుపేడతో మధ్యలో రంధ్రం ఉండేటట్లు చిన్న పిడకలు చేసి, ఎండబెట్టి, దండలుగా గుచ్చుతారు. ఈ భోగి పిడకల దండలను పిల్లల చేత మంటలో వేయిస్తారు. ఆ మంట మీద కాచిన నీటితో తలస్నానం చేయడం ఆచారం. సాయంత్రం చిన్నపిల్లలకు రేగుపళ్ళు, పూలు, చిల్లర నాణేలు కలిపి భోగిపళ్ళు పోస్తారు.

నగరంలో మార్పులు

1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం మూలంగా అనేక ప్రాంతాల ప్రజలు విశాఖపట్నంలో స్థిరపడ్డారు. పల్లెలలోని ఆచారం ఇక్కడ కాలనీలకు, అపార్ట్‌మెంట్ల ఆవరణలకు చేరింది. పిడకల దండలను చాలామంది బజారులో కొనుక్కుంటారు.

పాతవాటిని విడిచిపెట్టడానికి గుర్తుగా ఇంటిలోని పనికిరాని వస్తువులను మంటలో వేస్తారు. పూర్వం అటువంటి వస్తువులు కర్ర, గడ్డి, తాటాకులతో చేసినవే. నేటి పాత సామానులో టైర్లు, ప్లాస్టిక్కు కూడా ఉంటాయి. ఆచారం మారకపోయినా పొగ స్వభావం మారడానికి ఇదే కారణం.

కాలుష్యం

టైర్లు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడు, సల్ఫర్ డయాక్సైడు, సూక్ష్మ ధూళికణాలు వెలువడతాయి. పి.వి.సి. ప్లాస్టిక్కు నుండి హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్లు రావచ్చును. కర్ర పొగ కూడా పూర్తిగా హానిరహితం కాదు. విశాఖ నగరం కొండల మధ్య గిన్నె ఆకారంలో ఉన్నందున చలికాలపు ఉదయాలలో పొగ త్వరగా చెదరిపోదు. ఓడరేవు, పరిశ్రమలు, వాహనాల కాలుష్యానికి ఇది తోడవుతుంది. 2019లో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో చేర్చిన నగరాలలో విశాఖపట్నం ఒకటి. మరొక తీరనగరమైన చెన్నైలో 2018 భోగి నాడు పొగ, మంచు కలిసి కమ్ముకోవడంతో విమానాల రాకపోకలకు అంతరాయం కలిగింది.

ఇంటింటికీ మంట వేయకుండా వీధి అంతటికీ కలిపి ఒకే మంట వేయడం, అందులో ఎండు కర్రలు, పిడకలు మాత్రమే వాడడం వలన పొగ తగ్గుతుంది. ఇది పండుగ యొక్క సామూహిక స్వభావానికి కూడా అనుగుణమైనది.

ఇతర ప్రాంతాలలో

ఇదే కాలంలో పంజాబులో లోహ్రీ మంటలు, అస్సాంలో మాఘ్ బిహు సందర్భంగా మేజి మంటలు వేస్తారు. 2021లో భోగి, లోహ్రీ మంటలలో రైతు సంఘాలవారు నాటి మూడు వ్యవసాయ చట్టాల ప్రతులను దహనం చేసి నిరసన తెలిపారు.

ఇవి కూడా చూడండి

సంక్రాంతి
గొబ్బెమ్మలు
ధనుర్మాసం