కేప్ బ్రెటన్ ఫిడేలు

కెనడా తూర్పు తీరంలో కేప్ బ్రెటన్ అనే దీవి ఉంది. స్కాట్లాండ్ కొండల్లో భూస్వాములు గొర్రెల మేపు కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించిన రోజుల్లో, 19వ శతాబ్దం మొదటి సగంలో, వేలమంది ఇక్కడికి చేరారు. వెంట తెచ్చుకున్నవి రెండు: గేలిక్ అనే సెల్టిక్ భాష, ఫిడేలు. బడిలో గేలిక్ మాట్లాడితే దెబ్బలు పడేవి. భాష సన్నగిల్లింది. ఫిడేలు మాత్రం వంటిళ్లలో, పెళ్లిళ్లలో, ఊరి ఆటల్లో మోగుతూనే ఉంది. మన ప్రధానుల కిక్రి లాగే అదీ చెవితో విని నేర్చేదే.

1971లో కెనడా ప్రభుత్వ టీవీ ఒక డాక్యుమెంటరీ వేసింది. ఈ ఫిడేలు వాయించేవాళ్లు కనుమరుగవుతున్నారని దాని సారం. బయటివాళ్లు ముందుగానే చెప్పే ఇలాంటి చావుకబుర్లు మనమూ విన్నాం. దీవి జనానికి పౌరుషం పుట్టింది. ఫాదర్ జాన్ ఆంగస్ రాంకిన్ వంటివారు కళాకారులను కూడగట్టారు. 1973లో గ్లెండేల్ అనే పల్లెలో వందమందికి పైగా ఒకే వేదిక మీద కలిసి వాయించారు. పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. అప్పటికి ఏడాది పసిపిల్ల అయిన నటాలీ మెక్‌మాస్టర్ పెద్దయ్యాక ఆ ఫిడేలును దేశదేశాలకు వినిపించింది.

అయితే ఆ దీవి మొదటినుంచీ మిక్మాక్ ఆదివాసులది. ఊళ్లు పోగొట్టుకొని వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్నది వాళ్ల నేల మీదే. ఈ కథ చెప్పేవాళ్లు ఆ మాట తొందరగా దాటేస్తారు. ఎస్కసోని గ్రామానికి చెందిన మిక్మాక్ కళాకారుడు లీ క్రెమో ఆ ఫిడేలునే చేతపట్టి పోటీల్లో బహుమతులు గెలిచాడు. 1999లో కన్నుమూసే నాటికి సొంత బాణీలు కూడా కట్టాడు.