ఖయ్యాం గులాబీలు, పేరులేని చొక్కాలు

దువ్వూరి రామిరెడ్డి గారి ‘పానశాల’ పుణ్యమా అని ఉమర్ ఖయ్యాం మనకు పరాయివాడు కాడు. ఆ రుబాయీలకు ఫిట్జెరాల్డ్ చేసిన ఆంగ్లానువాదానికి ఎడ్మండ్ సలివన్ అనే చిత్రకారుడు బొమ్మలు గీశాడు. అవి 1913లో పుస్తకంగా వెలువడ్డాయి. వాటిలో ఒకటి గులాబీల నడుమ నిలిచిన అస్థిపంజరం, దాని తలపైన గులాబీల కిరీటం. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ అనే ఇద్దరు పోస్టరు చిత్రకారులకు గ్రంథాలయంలో ఆ బొమ్మ కంటబడింది. అవలాన్ బాల్‌రూములో జరగబోయే ఒక రాక్ కచేరీకి పోస్టరు వేయవలసిన పని వారి చేతిలో ఉంది. బొమ్మను తీసుకున్నారు, రంగులు పూశారు, చుట్టూ అక్షరాలు పేర్చారు. కచేరీ చేసిన బృందం గ్రేట్‌ఫుల్ డెడ్. పేరులోనే మృత్యువున్న బృందానికి అంతకన్న తగిన గుర్తు మరొకటి దొరకదు.

తరువాతి కాలంలో రాక్ బృందాల గుర్తులను అనుమతి లేకుండా టీషర్టుల మీద అచ్చువేస్తున్నారని అభిమానులను కోర్టులకు ఈడ్చారు. ఆ వివాదం చదివేటప్పుడల్లా నాకు ఈ పోస్టరు పుట్టుకే గుర్తుకు వస్తుంది.

1965 నుండి 1995 వరకు గ్రేట్‌ఫుల్ డెడ్ 2,300కు పైగా కచేరీలు చేసింది. ఏ రెండు కచేరీలూ ఒకలా ఉండవు గనుక, ఒక్కటి విని తృప్తిపడక ఊరి వెంట ఊరు తిరిగే అభిమానులు తయారయ్యారు. వారికి డెడ్‌హెడ్లని పేరు. కచేరీలను టేపుల మీద రికార్డు చేసుకోవడానికి బృందం అడ్డు చెప్పేది కాదు. 1984 నుండి అందుకోసం సభలో ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. అమ్ముకోకూడదన్నదే నియమం. ఇక సభ బయట, కార్లు నిలిపే మైదానంలో, మరొక లోకం ఉండేది. బృందం 1978లో వెలువరించిన ‘షేక్‌డౌన్ స్ట్రీట్’ ఆల్బం పేరే ఆ సంతకు స్థిరపడింది. రొట్టెలు, పూసల దండలు, అన్నిటికంటె ఎక్కువగా టీషర్టులు. వాటిని అమ్మగా వచ్చిన డబ్బు పై ఊరికి పెట్రోలు, పై కచేరీకి టికెట్టు.

ఆ చొక్కాలు ఎలా తయారయ్యాయో చెప్పుకోవాలి. 1956లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థ ప్రోసియన్ అనే రంగులను విడుదల చేసింది. ఇవి నూలుపోగుతో రసాయనికంగా కలిసిపోతాయి. కాచనక్కరలేదు, చన్నీరూ కొంత బట్టల సోడా ఉంటే చాలు. అంటే అద్దకానికి కొలిమీ బానా అక్కరలేదు, స్నానాలతొట్టి చాలు. చొక్కాను మెలితిప్పి, దారాలతోనో రబ్బరు బ్యాండులతోనో బిగించి, రంగు పోసి, రాత్రంతా నాననిచ్చేవారు. మన పోచంపల్లి, పుట్టపాక నేతకారులు నేతకు ముందే నూలుకు ముడులు వేస్తారు. వీరు కుట్టిన చొక్కాకే ముడులు వేశారు. ఆ లెక్కకూ ఈ తెగువకూ పోలిక లేదు. కాని ముడి విప్పే క్షణంలో ఉండే ఉత్కంఠ ఇద్దరిదీ ఒకటేనని నా ఊహ.

రంగు తరువాత అచ్చు. చట్రానికి బిగించిన గుడ్డ, రబ్బరు పలక, సిరా ఉంటే గరాజులోనే స్క్రీన్ ప్రింటింగు జరిగిపోతుంది. బృందం గుర్తులను ఉన్నవి ఉన్నట్టు దింపడం సులువు. అభిమానులలో నేర్పరులు అక్కడితో ఆగలేదు. తినుబండారాల పెట్టెల మీది అక్షరాలను, కార్టూను పాత్రలను తెచ్చి, పాటల పేర్లతో ముడిపెట్టి వ్యంగ్యాలు అల్లారు. పాటలు తెలిసినవాడికే ఆ హాస్యం అందుతుంది. సంస్థలు అమ్మే అధికారిక చొక్కాలలో ఈ చమత్కారం అరుదు.

చట్టం దృష్టి వేరు. వింటర్‌లాండ్ అనే సంస్థ అనేక రాక్ బృందాల నుండి టీషర్టుల హక్కులు తీసుకుని వ్యాపారం చేసేది. అది వేసిన దావాలో 1981లో ఇల్లినాయి ఫెడరల్ కోర్టు అనుమతిలేని అమ్మకాలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అమ్మేవాడు ఈ రాత్రి ఉండి రేపు మాయమవుతాడు గనుక, పేరు తెలియని ప్రతివాదుల మీద ముందుగానే జప్తు ఉత్తర్వులు కోరే పద్ధతి వచ్చింది. 1998లో లెడ్ జెప్పెలిన్‌కు చెందిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ అటువంటి ఉత్తర్వు కోరగా, ఎవరో తెలియని వారి మీద ఇవ్వడం కుదరదని ఫ్లోరిడా కోర్టు నిరాకరించింది. పేరు లేకపోవడమే అమ్మేవాడికి రక్ష. చొక్కా మీద సంతకం ఎందుకు పెడతాడు?

మైదానపు సంత కూడా క్రమంగా అదుపు తప్పింది. 1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట విజయంతో జనం విరగబడ్డారు. 1989లో బృందమే అమ్మకాలు, గుడారాలు మానుకోమని అభిమానులను కోరింది. 1995 జులై 2న ఇండియానాలోని డీర్ క్రీక్‌లో టికెట్టు లేని జనం కంచె పడగొట్టి లోపలికి చొరబడగా, మరునాటి కచేరీ రద్దయింది. ఆగస్టు 9న జెర్రీ గార్షియా కన్నుమూశాడు.

అప్పటినుండి ఆ చొక్కాలు సేకర్తల వస్తువులయ్యాయి. 2021 అక్టోబరులో సోదబీస్ వేలంలో 1967 నాటి గ్రేట్‌ఫుల్ డెడ్ టీషర్టు ఒకటి 17,640 డాలర్లకు అమ్ముడుపోయింది. దానిని రూపొందించినవాడు ‘గట్’ అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన ఆలన్ టర్క్. అతని పేరు మిగిలింది. మైదానంలో అమ్మినవారిలో అత్యధికుల పేర్లు మిగలలేదు. అందుకే సేకర్త చొక్కానే సాక్షిగా నిలబెట్టి ప్రశ్నించాలి. ఉతికే విధానం తెలిపే పట్టీని అమెరికా ప్రభుత్వం 1972లో తప్పనిసరి చేసింది. చేతి అంచున ఒకే వరుస కుట్టు ఉంటే 1990ల నడిమికి ముందుదై ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో అద్దిన చొక్కాలో కుట్టుదారం తరచు తెల్లగానే ఉండిపోతుంది. అది పాలియెస్టరు, ప్రోసియన్ దానిని పట్టదు. హక్కుల గుర్తు, సంవత్సరం ఉండవు. కచేరీల పట్టిక ముందే అచ్చువేస్తారు గనుక, జరగని కచేరీ తేదీ కూడా వీపు మీద నిలిచిపోవచ్చు.

ఈ సాక్ష్యాన్ని ఇప్పుడు కలుషితం చేస్తున్నారు. అమ్ముడుపోక మిగిలిన పాత ఖాళీ చొక్కాలు కొని, వాటి మీద పాత బొమ్మలను కొత్తగా అచ్చువేసి, రంగు వెలిసేలా చేసి అమ్మేవారున్నారు. పట్టీ నిజం, కుట్టు నిజం, అచ్చు మాత్రం నిన్నటిది. ఒకనాడు దొంగసరుకని జప్తు చేసిన చొక్కాకే ఈనాడు దొంగనకలు! నవ్వు వస్తుంది గాని, తయారుచేసినవాడి పేరు ఎటూ లేని చోట, కాలం కూడా తారుమారైతే చరిత్రకారుడికి చేతిలో మిగిలేది రంగుగుడ్డ మాత్రమే.

బృందం తన పత్రాలను 2008లో శాంటాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. 2012లో ఆ భాండాగారాన్ని తెరిచారు. టికెట్ల కోసం అభిమానులు తపాలాలో పంపిన కవర్లు అందులో ఎన్నో ఉన్నాయి. వాటి మీదా అవే పుర్రెలు, అవే గులాబీలు, చేతితో రంగులు వేసినవి. టికెట్టు ఇంటికి రావాలి గనుక ఒక్కొక్క కవరు మీదా వేసినవారి పేరు, చిరునామా పొందికగా రాసి ఉంటాయి.