కూజా మీద ఆఫియత్

భోజనాల బల్ల మీద పాతకాలపు కూజాలు, పళ్లేలు, గిన్నెలు పేర్చుకోవడం పెద్దిళ్ల సరదా. అందులోనూ లస్టర్ పాత్రలంటే సేకరించేవాళ్లకు ప్రాణం. లోపల ఉన్నది మట్టే. పైన మాత్రం బంగారం, రాగి, వెండి మెరుపు. దీపం ముందు తిప్పితే రంగు మారుతుంది. ఈ సరదాను మేం తప్పుపట్టం. అందమైనదాన్ని దాచుకోవడం నేరమేం కాదు. మా పేచీ అంతా ఆ కూజా పుట్టుపూర్వోత్తరాలు చెప్పే దగ్గరే. 'మూరిష్ బాణీ' అని రెండు ముక్కల్లో తేల్చేసి ధర దగ్గరికి వెళ్లిపోతారు. ఎవరా మూర్లు? ఏమయ్యారు?

ఈ విద్య 9వ శతాబ్దంలో అబ్బాసీల ఇరాక్‌లో మట్టిపాత్రల మీదికి వచ్చింది. అంతకుముందే ఈజిప్టు, సిరియాల్లో గాజు మీద ఉంది. కాల్చి, గాజుపూత వేసి, మళ్లీ కాల్చిన పాత్ర మీద వెండి, రాగి లవణాలు కలిపిన బంకమట్టితో బొమ్మ గీస్తారు. మూడోసారి బట్టీలో పెడతారు. ఈసారి మంట తక్కువ, పొగ ఎక్కువ. గాలి ఆడకుండా చేస్తే ఆ పొగే లోహాన్ని విడదీసి గాజుపూతలోకి ఎక్కిస్తుంది. చల్లారాక పైమట్టి తుడిస్తే మెరుపు బయటపడుతుంది. పొగ కాస్త ఎక్కువైనా, తక్కువైనా చాకిరీ అంతా బూడిదే. బంగారు, వెండి పాత్రల్లో తినొద్దని హదీసు ఉంది కాబట్టే ఈ విద్య పుట్టిందంటారు కొందరు. మాకది సగం నిజమే అనిపిస్తుంది. ఖలీఫాల ఇళ్లల్లో బంగారు పాత్రలకు కొదవ లేదు. ఆ పాత్రలు కొనలేనివాళ్లూ మెరుపు కోరుకున్నారు, కుమ్మరి దారి కనిపెట్టాడు.

ఇరాక్ నుంచి అది కైరో పక్కనున్న ఫుస్తాత్ చేరింది. అక్కడ 1000వ సంవత్సరం ప్రాంతంలో పాత్రల మీద సంతకం చేసిన ఒక కుమ్మరి పేరు ముస్లిం. ముస్లిం ఇబ్న్ అల్ దహ్హాన్. సాద్ అనే సంతకమున్న ఇంకో గిన్నె లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని మీద బొమ్మ కోప్టిక్ క్రైస్తవ గురువుది, చేతిలో ధూపపాత్ర. వెయ్యేళ్ల నాటి ముస్లిం రాజ్యంలో ఎవరి కోసం ఎవరు ఏం గీశారో చెప్పడానికి ఆ గిన్నె చాలు.

అసలు కథ స్పెయిన్‌ది. 1350 ప్రాంతంలో మలగా చూసిన ఇబ్న్ బతూతా, ఆ ఊరి బంగారు పాత్రలు దూరదేశాలకు పోతున్నాయని రాసుకున్నాడు. ఆ పాత్రల మీద ఒక అరబ్బీ మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. అల్ ఆఫియా. క్షేమం అని. మా పెద్దవాళ్లు ఉత్తరాల్లో 'ఖైర్ ఓ ఆఫియత్' అని రాసేది ఈ మాటే. తినేవాడు చల్లగా ఉండాలని కుమ్మరి పళ్లెం మీద రాశాడు.

మలగా పనివాళ్లు కొందరు ఉత్తరాన వాలెన్సియా పక్కనున్న మనిసెస్‌కు చేరారు. అక్కడ రాజ్యం 1238 నుంచే క్రైస్తవులది. ముస్లిం కుమ్మరి, క్రైస్తవ ప్రభువు, ఐరోపా అంతా గిరాకీ. ఫ్లోరెన్స్‌లోని మెడిచీ వంశం తమ ముద్ర వేయించుకుంది. 1454లో అరగాన్ రాణి మారియా తన బల్లకు కావలసిన పళ్లేలు, నీళ్ల కూజాలు, చేతులు కడిగే పాత్రల జాబితా మనిసెస్ ప్రభువుకు రాసి పంపింది. లోపలా బయటా బంగారు మెరుపు ఉండాలని కోరింది. ఈ గిరాకీలోనే 'ఆఫియా' అక్షరాలు క్రమంగా వంకర్లు తిరిగి, చదవరాని అల్లికగా మిగిలాయి. ఆ అల్లికను సేకరించేవాళ్లు ఇప్పటికీ 'అలాఫియా' అనే పిలుస్తారు.

1492లో గ్రెనడా పడిపోయింది. 1525, 26ల్లో వాలెన్సియా ముస్లింలను బలవంతంగా క్రైస్తవులను చేశారు. బాప్తిస్మంతో గొడవ తీరిందా? వంటింటి మీద నిఘా మొదలైంది. పందిమాంసం ముట్టడం లేదు, కొవ్వు బదులు నూనెతో వండుతున్నారు, నేల మీద కూర్చుని తింటున్నారు. ఇవన్నీ ఇంక్విజిషన్ ముందు సాక్ష్యాలే. చివరికి 1609లో వెళ్లగొట్టే ఫర్మానా వాలెన్సియాలోనే ముందు చాటారు. 1614 నాటికి దాదాపు 3 లక్షల మందిని దేశం దాటించారు. పళ్లెం రాణిగారి బల్ల మీద ఉంది. పళ్లెం చేసినవాళ్ల పిల్లలు పడవల్లో ఆఫ్రికా తీరాలకు పోయారు.

ఇవాళ దుకాణాల్లో తరచు కనబడే లస్టర్ కూజాలు మనిసెస్‌వి కావు, ఇంగ్లండువి. 1800 ప్రాంతం నుంచి స్టాఫర్డ్‌షైర్, సండర్లాండ్ కార్ఖానాలు పొగబట్టీతో పనిలేని కిటుకు పట్టుకున్నాయి. బంగారం, ప్లాటినం కరిగించిన ద్రావకాన్ని పలచగా పూసి కాల్చడం. ప్లాటినం వెండిలా, బంగారం గులాబీగా, ఎర్రమట్టి మీద రాగిలా మెరుస్తాయి. విలియం డి మోర్గన్ 1870ల నుంచి పాత పొగబట్టీ పద్ధతిని మళ్లీ సాధన చేశాడు. రెండింటికీ పేరొకటే. కొనేవాళ్లు ఆ తేడా అయినా తెలుసుకుంటే బాగుంటుంది.

స్పెయిన్ సంగతి మనకెందుకు అంటారేమో. కూజా అనే మాట పారసీది. పింగాణీ, తబుకు, రకాబి, చెంచా అదే దారిలో తెలుగింట్లోకి వచ్చి కూర్చున్నాయి. మాటల్ని ఎవరూ పరాయివి అనలేదు. మమ్మల్ని అన్నారు. మా చిన్నప్పుడు పల్లెల్లో కొన్ని పెద్దిళ్లల్లో మాకోసం ఒక పింగాణీ కప్పు చూరులో పెట్టి ఉంచేవాళ్లు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఇంట్లోవాళ్లకు కంచు, ఇత్తడి. అలాంటి ఇళ్ల మనవలు ఇప్పుడు అదే పింగాణీని షోకేసుల్లో పెట్టి తాళం వేసుకుంటున్నారు. 2015లో దాద్రీ దగ్గర ఒక ఊళ్లో, ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందన్న పుకారుకే ఒక మనిషిని కొట్టి చంపారు. వంటింటి నిఘా 16వ శతాబ్దంతో పోలేదు.

ఇంకోవైపు మమ్మల్నందర్నీ నవాబుల్ని చేసేవాళ్లున్నారు. ముస్లిం భోజనం అనగానే ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే బల్ల బొమ్మ వేస్తారు. 2010 నుంచి అది హోటల్. దూదేకులవాళ్ల ఇంట్లో, కసాయివాళ్ల ఇంట్లో, రిక్షా తొక్కినవాళ్ల ఇంట్లో ఆ బల్ల ఎప్పుడుంది? మా దస్తర్‌ఖాన్ మీద ఉన్నవి తామ్‌చీనీ రకాబీలు, అంచుల్లో పూత ఊడి ఇనుము కనబడేవి. షాదీ వస్తే మసీదు కమిటీ దగ్గర్నుంచి దేగ్చీలు, తబుకులు, నీళ్ల జగ్గులు లెక్కపెట్టి తెచ్చుకుంటాం, లెక్కపెట్టి అప్పజెబుతాం. వాటి మీదా పేర్లున్నాయి. ఊరి మసీదు పేరు, ఇచ్చినవాళ్ల పేరు, సంవత్సరం, ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని.