కథాపఠనము – ఒక విద్యార్థి సమాజము

కథలు చదువుట విద్యార్థులకుఁ గాలహరణమని మనలోఁ బెద్దలు పలువురు తలంచుచుందురు. ఈ తలంపు ఎల్లయెడలను నిజము కాదని తెలుపుటకై మేమొక విద్యార్థిసమాజ చరిత్రమును జదువరుల యెదుట నుంచుచున్నాము.

అమెరికాదేశమునఁ గేంబ్రిడ్జి పట్టణమందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో 1949వ సంవత్సరమున విద్యార్థులు సైన్సు ఫిక్షను సమాజమును స్థాపించిరి. యంత్రశాస్త్రమును గణితమును అభ్యసించువారే తీరికవేళల గ్రహాంతరయాత్రల కథలను జదువసాగిరి. చదివిన పుస్తకములను, పత్రికలను ఒకచోటఁ గూర్చిరి. పాతవారు చదువు ముగించి వెడలిపోవుచున్నను, క్రొత్తవారు ఆ భారమును వహించుచు వచ్చిరి. అట్లు పెరిగిన గ్రంథాలయమున నేఁడు 60,000కు మించిన సంపుటములున్నవి.

ఇట్టి పఠనమువలన ఫలమేమని కొంద ఱడుగవచ్చును. లారీ నివెన్ అను రచయిత 1970లో వెలువరించిన “రింగ్‌వరల్డ్” నవలయందు, నక్షత్రమును జుట్టియున్న మహావలయము నొకదానిని వర్ణించెను. 1971లో బోస్టనున జరిగిన ప్రపంచ సైన్సు ఫిక్షను మహాసభకు వచ్చిన ఆ విద్యాలయపు విద్యార్థులు, ఆ వలయము నిలుకడ లేనిదని హోటలు నడవలలో నెలుగెత్తి చాటిరి. అది కొంచెము ప్రక్కకుఁ దొలఁగినచో, మఱింత తొలఁగి తుదకు నక్షత్రముపైఁ బడును. రచయిత యీ యాక్షేపణను మన్నించి, 1979లో వెలువడిన తరువాతి నవలలో వలయమును నిలుపు యంత్రములను గల్పించెను.

కథను గ్రుడ్డిగా నమ్ముటయుఁ దగదు. చదువకయే నిందించుటయుఁ దగదు. ప్రేమతోఁ జదివి, బుద్ధితోఁ బరీక్షించుటయే విద్య. మన బాలబాలికల చేతినుండి కథాపుస్తకమును లాగికొనక, “ఇది యెట్లు సంభవించును?” అని వారి నడుగుదము.