కత్తికి ఎదురెళ్లిన తిమింగలం దంతం

లండన్ బ్రిడ్జి ఉత్తరపు కొసన ఫిష్‌మాంగర్స్ హాల్ అని పాతకాలపు చేపల వర్తకుల సంఘం భవనం ఒకటుంది. 2019 నవంబర్ 29న అక్కడ ఖైదీల చదువు గురించి సభ జరుగుతోంది. తీవ్రవాదం కేసులో జైలుకెళ్లి విడుదలైన ఒకడు ఆ సభకే అతిథిగా వచ్చి, రెండు కత్తులు తీసి ఇద్దరిని పొట్టనపెట్టుకున్నాడు. అడ్డుపడ్డవాళ్ల దగ్గర ఆయుధాలు లేవు. ఒకాయన గోడకు అలంకారంగా పెట్టిన నార్వాల్ తిమింగలం దంతం పీకి ఎదురెళ్లాడు. ఇంకొకాయన మంటలార్పే సిలిండర్ ఎత్తి వాడి మీదికి చిమ్మాడు. వాణ్ని వంతెన మీదికి తరిమి కింద పడేసినవాళ్లలో, హత్య కేసులో శిక్ష అనుభవిస్తూ ఆ రోజుకు అనుమతి మీద బయటికొచ్చిన ఖైదీ కూడా ఉన్నాడు. తర్వాత రాణి క్షమాధికారం కింద అతని శిక్షలో 10 నెలలు తగ్గించారు.

సాయుధ పోలీసులొచ్చి జనాన్ని పక్కకు లాగారు. వాడి నడుముకు బాంబు బెల్టు కనబడేసరికి కాల్చి చంపారు. బెల్టు నకిలీది. అంతటి హంతకుడి చావు మీద కూడా 2021లో జ్యూరీ కూర్చుంది. సాక్ష్యాలన్నీ విని, కాల్పులు చట్టబద్ధమేనని తేల్చింది.

ఆ దాడి జరిగిన సరిగ్గా వారానికి, డిసెంబర్ 6న, మన షాద్‌నగర్ దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్లో పోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. పోలీసులు కావాలనే, చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పేసరికి 2022 వచ్చింది. అప్పటికి పూలు చల్లినవాళ్లలో ఎందరు ఆ నివేదిక చదివారో!

ఈ తేడా పాతదే. ఇక్కడ ఇంగ్లండ్‌లో పోలీసు మొదటినుంచీ జనానికి భయపడుతూ పుట్టినవాడు. 1819లో మాంచెస్టర్‌లో ఓటుహక్కు అడిగిన సభ మీదికి గుర్రపు దళాన్ని తోలి చంపారు. ఆ పీటర్లూ నెత్తురు మరవని జనానికి పోలీసంటే మరో సైన్యమన్న అనుమానం. అందుకే 1829లో రాబర్ట్ పీల్ లండన్ పోలీసును పెట్టినప్పుడు, సైనికుల ఎరుపు కాకుండా నీలం కోటు తొడిగి, చేతికి కర్ర మాత్రమే ఇచ్చాడు. మన దగ్గర 1857 తిరుగుబాటు తర్వాత, 1861లో, అదే దొరలు ఐర్లండ్‌ను అణచడానికి వాడిన పోలీసు నమూనాను దించారు. తమకొకటి, మనకొకటి.

చట్టం సంగతీ అంతే. మెకాలే మనకు రాసిచ్చిన శిక్షాస్మృతిలో ఆత్మరక్షణకు 96 నుంచి 106 దాకా సెక్షన్లు. ఇప్పుడవి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. ఇంగ్లండ్ తనకోసం అలాంటి స్మృతి రాసుకోనేలేదు. 1967 నాటి ఒక చట్టంలోని మూడో సెక్షన్, నేరాన్ని ఆపడానికి పరిస్థితికి తగినంత బలం వాడొచ్చంటుంది. పోలీసుకూ, దంతం పట్టుకున్న మామూలు మనిషికీ అదే కొలత. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరూ తక్కెడ పట్టుకుని కూర్చోరని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. 2008లో ఆ మాట చట్టంలోకీ ఎక్కింది.

అయితే ఈ కొలతా తప్పింది. 2005 జూలై 22న స్టాక్‌వెల్ స్టేషన్లో, ఆత్మాహుతి బాంబరని పొరబడి ఒక బ్రెజిల్ ఎలక్ట్రీషియన్‌ను రైల్లోనే కాల్చి చంపారు. ఒక్క పోలీసు మీదా కేసు నడవలేదు. చివరికి పోలీసు శాఖకు 1,75,000 పౌండ్ల జరిమానా పడింది, అదీ ఆరోగ్య, భద్రతా చట్టం కింద! ఫ్యాక్టరీలో మెషిన్‌కు కంచె వేయకపోతే పెట్టే కేసు అది. నాకైతే అది న్యాయంలా అనిపించలేదు.

మరొక్క మాట. ఇక్కడ దొరికిన వస్తువుతో తిరగబడొచ్చు గానీ, తిరగబడడానికని ముందే జేబులో పెట్టుకు తిరిగితే నేరం. హైదరాబాద్‌లో బజార్లో కొనే పెప్పర్ స్ప్రే ఇక్కడ 1968 తుపాకుల చట్టం కింద నిషిద్ధ ఆయుధం. చదువుకు వచ్చే ఆడపిల్లల సూట్‌కేసులో ధైర్యం కోసమని దాన్ని పెట్టి పంపకండి.